గ్రంథాలయ విషయసూచి: అకారాదిక్రమమా? శాస్త్రక్రమమా?

గ్రంథానికి బీరువాలో దొరికే చోటు ఒక్కటే. అందులోని విషయాలు అనేకం. సూచీ నిర్మాణంలో ఎదురయ్యే చిక్కులన్నీ ఈ వైషమ్యం నుండి పుట్టినవే. వరాహమిహిరుని బృహత్సంహితను జ్యోతిష గ్రంథాల నడుమ ఉంచుట సంప్రదాయం. అట్లు ఉంచినప్పుడు అందులోని భూగర్భజల పరిజ్ఞానం, వజ్రలేపాల తయారీ, వాస్తువిద్య, ప్రతిమాలక్షణం, రత్నపరీక్ష, సుగంధద్రవ్యాల కూర్పు ఇవన్నీ జ్యోతిషమనే ఒక్క పేరు వెనుక మరుగుపడతాయి. ఆ మరుగును తొలగించుటకే సూచి ఏర్పడినది. కాని ఆ సూచిని ఏ క్రమంలో కూర్చవలెనన్న ప్రశ్నకు మన ప్రాచ్య కళాశాలల గ్రంథాలయాలలో నిశ్చితమైన సమాధానం కానరాదు. కొన్నిచోట్ల ప్రవేశసంఖ్యల పట్టికయే సూచిగా చలామణి అవుతున్నది. కొన్నిచోట్ల ఇతర దేశాల గ్రంథాలయాల కొరకు కూర్చిన విషయశీర్షికలను అనువదించి అకారాదిగా పేర్చుకొన్నారు. మరికొన్నిచోట్ల వేదం, వ్యాకరణం, కావ్యం అని బీరువాలపై వ్రాసి అంతటితో పని ముగిసినదని తలచినారు.

విషయశీర్షికలను అకారాదిగా కూర్చే పద్ధతికి ఆధునిక కాలంలో శాస్త్రరూపం ఇచ్చినవాడు అమెరికా దేశీయుడైన చార్లెస్ కటర్. నిఘంటువు వలె అమర్చిన గ్రంథసూచికి ఆయన నియమావళి 1876లో వెలువడినది. మెల్విల్ డ్యూయీ దశాంశ వర్గీకరణ వెలువడినదీ ఆ సంవత్సరమే. ఒకరు అక్షరాన్ని నమ్మినారు. మరొకరు అంకెను నమ్మినారు. కటర్ సిద్ధాంతంలో ముఖ్యాంశం ఇది: గ్రంథాన్ని దాని విషయానికి సరిగ్గా సరిపడే పేరు క్రిందనే చూపవలెను గాని, ఆ విషయాన్ని తనలో ఇముడ్చుకొన్న పెద్ద విభాగం పేరు క్రింద కాదు. గజచికిత్స గురించిన గ్రంథాన్ని గజచికిత్స అన్న పేరుతోనే 'గ'కారంలో చూపవలెను. ఆయుర్వేదం అని 'ఆ'కారంలో కాదు. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన విషయశీర్షికల పట్టికను 1909 మొదలు 1914 వరకు భాగాలుగా ప్రకటించినది. చిన్న గ్రంథాలయాల కొరకు మినీ సియర్స్ కూర్చిన పట్టిక 1923లో వచ్చినది. నేడు లోకంలోని అనేక గ్రంథాలయాల సూచీలకు ఈ పట్టికలే ఆధారం.

ఈ పద్ధతిపై సంప్రదాయజ్ఞుల ఆక్షేపం సుపరిచితమే. అకారాదిక్రమం విషయాల నడుమ ఉన్న సంబంధాన్ని త్రెంచివేస్తుందని, ఉపకార్యోపకారక భావాన్ని గాని అంగాంగిభావాన్ని గాని లెక్కపెట్టక కేవలం మొదటి అక్షరం అనే యాదృచ్ఛిక ధర్మాన్ని పట్టుకొని వేలాడుతుందని, ఇది మన విద్యాసంప్రదాయానికి పరాయిదని వారి వాదం. ఇందు మొదటి రెండు మాటలలో బలం ఉన్నది. మూడవ మాట నిలువదు.

అమరకోశాన్నే పరిశీలించవచ్చును. అమరసింహుడు పర్యాయపదాలను స్వర్గవర్గం, వ్యోమవర్గం, భూమివర్గం, వనౌషధివర్గం ఇట్లు విషయానుసారంగా కూర్చినాడు. వస్తువు తెలిసినవానికి దాని పేర్లు కావలెను. అందుచేత వస్తువుల సంబంధాన్ని అనుసరించిన క్రమమే అక్కడ ఉచితం. కాని మూడవ కాండలో నానార్థవర్గానికి వచ్చేసరికి ఆయనయే పద్ధతి మార్చినాడు. అక్కడ పదాలు కాంతాలు, ఖాంతాలు, గాంతాలు అనే విధంగా చివరి హల్లును అనుసరించి నడుస్తాయి. ఒకే పదానికి పరస్పర సంబంధం లేని అనేకార్థాలు ఉన్నప్పుడు విషయవర్గం పనికిరాదు. పదస్వరూపం ఒక్కటే ఆధారం. కనుక అక్షరక్రమాన్ని ఆశ్రయించినాడు. మేదినీకోశం వంటి తరువాతి నానార్థకోశాలు ఈ మార్గాన్నే విస్తరింపజేసినవి. అనగా విషయక్రమం ఎచ్చట, అక్షరక్రమం ఎచ్చట అనే వివేకం పాఠశాలలో బాలుడు మొదట వల్లించే కోశంలోనే ఉన్నది. ఒకే గ్రంథంలో రెండు క్రమాలు ఉండుట దోషమని ఏ వ్యాఖ్యాతయు ఆక్షేపించలేదు.

అంతకు పూర్వపు దృష్టాంతం వేదానుక్రమణులు. ఋగ్వేద సంహితకు తనదైన క్రమం ఉన్నది. రెండవ మండలం మొదలు ఏడవ మండలం వరకు ఒక్కొక్క ఋషికులానికి ఒక్కొక్క మండలం. తొమ్మిదవ మండలమంతా సోమపరం. ఆ క్రమాన్ని ఎవరూ కదిలించలేదు. కాని అధ్యేతకు, యజ్ఞంలో వినియోగించేవానికి ఆ ఒక్క క్రమం చాలదని గుర్తించిన కాత్యాయనుడు సర్వానుక్రమణిలో ప్రతిసూక్తానికి ప్రతీకను, ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును నిర్దేశించినాడు. మూలం ఉన్నచోటనే ఉన్నది. దానిని చేరుటకు మార్గాలు మాత్రం అనేకమైనవి. గ్రంథాలయ సూచికి ఇంతకంటె చక్కని లక్షణం వేరొకటి లేదు. 1906లో మారిస్ బ్లూమ్‌ఫీల్డ్ వైదిక మంత్రపాదాలన్నింటినీ అక్షరక్రమంలో కూర్చిన మహాసూచిని ప్రకటించినప్పుడు, ఒక్క పాదం మాత్రమే చేతికి చిక్కిన పరిశోధకునికి ఆ మంత్రం ఏయే సంహితలలో, ఏయే బ్రాహ్మణాలలో ఉన్నదో తెలిసికొనే ఉపాయం దొరికినది. అది అనుక్రమణుల పనికి పొడిగింపే గాని విరోధి కాదు.

పాణిని వర్ణసమామ్నాయం మరొక పాఠం నేర్పుతున్నది. పదునాలుగు మాహేశ్వర సూత్రాలలోని వర్ణక్రమం ఓనమాలలో నేర్చిన క్రమం కాదు. ప్రత్యాహారాలు సిద్ధించవలెననే ప్రయోజనం ఆ క్రమాన్ని నిర్ణయించినది. అందులో హకారం రెండుసార్లు పఠితమైనది. అట్ ప్రత్యాహారంలోనూ శల్ ప్రత్యాహారంలోనూ దానికి చోటు కావలెను గనుక. అర్ధమాత్ర లాఘవానికి సంతోషించే వైయాకరణులు కూడ ప్రయోజనం ఉన్నచోట పునరుక్తిని అంగీకరించినారు. బృహత్సంహితను సూచిలో ఏడెనిమిది శీర్షికల క్రింద చూపుట వృథాశ్రమ అని విసుగుకొనే గ్రంథాలయాధికారికి ఇది స్మరణీయం.

కనుక అకారాదిక్రమం పరాయిది కాదు. అయితే దానిని విచక్షణ లేక వాడినప్పుడు సంస్కృత విద్యకు కలిగే హాని వాస్తవమైనదే. ఆ హాని నాలుగు విధాలు.

మొదటిది విక్షేపం. కలసి ఉండవలసినవి చెదరిపోవుట. పతంజలి మహాభాష్యం, దానిపై కైయటుని ప్రదీపం, ఆ ప్రదీపంపై నాగేశుని ఉద్ద్యోతం ఒకే చెట్టుకు మొదలు, కొమ్మ, రెమ్మ. గ్రంథనామాల అకారాదిలో ఇవి 'మ'కారంలో ఒకటి, 'ప'కారంలో ఒకటి, 'ఉ'కారంలో ఒకటి అవుతాయి. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహానికి ఆయనయే దీపికను వ్రాసినాడు. న్యాయబోధిని, పదకృత్యం మొదలైన వ్యాఖ్యలు ఇతరులు వ్రాసినారు. మూలం పేరుతో ముడివేయనిచో వీని బంధుత్వం సూచిలో కనబడదు. కొలచల మల్లినాథసూరి రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశాలు మూడింటికీ వ్రాసిన వ్యాఖ్యల పేరు సంజీవనియే. ఏ సంజీవని ఏ కావ్యానిదో సూచి చెప్పకున్నచో ఆ పేరు ఉండియు లేనట్లే. ఈ విక్షేపదోషం అక్షరానికే కాదు, అంకెకు కూడ ఉన్నది. డ్యూయీ వర్గీకరణలో ఉపనిషత్తులు 294.59218లో, భగవద్గీత 294.5924లో, వేదాంతదర్శనం 181.48లో చేరుతాయి. ప్రస్థానత్రయంలో రెండు ప్రస్థానాలు మతశాస్త్రంలో పడి, బ్రహ్మసూత్రాలు తత్త్వశాస్త్రంలో పడినవి. మూడింటినీ కలిపి చదువుటయే వేదాంతాధ్యయనమైనప్పుడు, ఈ విభజన అధ్యేత చదువును అనుసరించి చేసినది కాదని స్పష్టం.

రెండవది సంకరం. వేరుగా ఉండవలసినవి ఒకే పేరు క్రింద కలసిపోవుట. గుణం అనే పదాన్ని తీసికొందాము. వ్యాకరణంలో గుణమనగా అ, ఏ, ఓ అనే వర్ణాలు. వైశేషికంలో రూపరసాదులైన ఇరువదినాలుగు పదార్థధర్మాలు. సాంఖ్యంలో సత్త్వరజస్తమస్సులు. అలంకారశాస్త్రంలో మాధుర్య, ఓజః, ప్రసాదాదులు. ఆయుర్వేదంలో గురులఘ్వాదులు. ధనుర్వేదంలో వింటినారి. గుణం అని ఒక్క శీర్షిక పెట్టి గ్రంథాలన్నింటిని దాని క్రింద చేర్చినచో, వైయాకరణుడు వింటినారిని, ఆలంకారికుడు త్రిగుణాలను దాటుకొంటూ పోవలసివస్తుంది. ధర్మశబ్దం మరింత కఠినం. మీమాంసలో అది చోదనాగమ్యమైన అర్థం. స్మృతులలో ఆచార వ్యవహార ప్రాయశ్చిత్తాల సముదాయం. న్యాయంలో ఆశ్రితమైన ఏ విశేషమైనను ధర్మమే. జైనదర్శనంలో గతికి సహకరించే ద్రవ్యం. బౌద్ధాభిధర్మంలో సత్తాసంపన్నమైన మూలతత్త్వాలు. అమరసింహుడు నానార్థవర్గాన్ని వేరుచేయుట ఎంత దూరదృష్టియో ఇక్కడ బోధపడుతుంది.

మూడవది నామదోషం. శీర్షిక ఎవరి మాటలో ఉండవలెను? వాక్యపదీయాన్ని సంస్కృతభాషావ్యాకరణం అనే శీర్షిక క్రింద ఉంచినచో, శబ్దరూపాలు నేర్పే బాలబోధినులు దాని ప్రక్కన చేరుతాయి. శబ్దబ్రహ్మవాదాన్ని, స్ఫోటాన్ని, వాక్యార్థస్వరూపాన్ని విచారించే తత్త్వశాస్త్ర విద్యార్థి ఆ శీర్షికను ఎన్నడును తెరువడు. జైమినీయ న్యాయాలను కర్మకాండ అనే పేరు క్రింద మూసివేసినచో, వాక్యార్థనిర్ణయ నియమాలను వెదకే న్యాయశాస్త్రజ్ఞునికి అవి దొరకవు. వర్గీకరణకర్తల దృష్టి వారి వారి దేశకాలాలకు లోబడినదే. డ్యూయీ మతశాస్త్రానికి ఇచ్చిన 200 అంకెలలో 220 నుండి 280 వరకు క్రైస్తవానికే కేటాయించి, తక్కిన మతాలనన్నిటిని 290లో సర్దినాడు. ఆయన గ్రంథాలయంలో ఉన్న గ్రంథాలకు ఆ ఏర్పాటు సరిపోయి ఉండవచ్చును. వేదవాఙ్మయమే ప్రధానమైన గ్రంథాలయం దానిని అట్లే స్వీకరించినచో, ఇంటివారు అరుగుమీద, అతిథులు నట్టింట అన్నట్లు అవుతుంది.

నాలుగవది లిపిదోషం. అకారాది అన్నమాత్రాన క్రమం తేలిపోదు. పూర్ణబిందువును అచ్చుల చివర లెక్కించవలెనా, లేక పరమైన హల్లును అనుసరించి పంచమాక్షరంగా భావించవలెనా అనే విషయంలో కోశకారులకు ఏకాభిప్రాయం లేదు. గంగ, గఙ్గ రెండు విధాల వ్రాతలు ఉన్న భాషలో ఈ నిర్ణయం ముందుగా చేయక సూచి ఆరంభించుట ప్రమాదకరం. రోమన్ లిపిలో కూర్చిన సూచీలలో పరిస్థితి మరింత విషమం. అక్షరాల మీది, క్రింది గుర్తులను విడిచిపెట్టి పేర్చినప్పుడు శకార, షకార, సకారాలు మూడును ఒకే అక్షరం క్రింద కలసిపోతాయి. సకలానికి శకలానికి, స్వజనానికి శ్వజనానికి భేదం తెలియుటకైనా వ్యాకరణం చదువుమని పెద్దలు బాలురకు చెప్పినది ఇందుకే.

ఇన్ని దోషాలు ఉన్నందున అకారాది సూచిని విడిచి శాస్త్రక్రమం ఒక్కటే చాలునందామా? అదియు కుదరదు. శాస్త్రక్రమం శాస్త్రం తెలిసినవానికి మాత్రమే దారి చూపుతుంది. విద్యాస్థానాలు పదునాలుగని కొందరు, ఉపవేదాలను చేర్చి పదునెనిమిదని కొందరు లెక్కించినారు. మధుసూదనసరస్వతి ప్రస్థానభేదంలో ఈ పదునెనిమిదింటిని ఎంతో చక్కగా వివరించినాడు. కాని ఈ లెక్కలో కావ్యానికి ప్రత్యేకస్థానం లేదు. ఆ లోటు గుర్తించియే రాజశేఖరుడు కావ్యమీమాంసలో కావ్యాన్ని పదునైదవ విద్యాస్థానంగా ప్రతిపాదించినాడు. బౌద్ధ, జైన వాఙ్మయాలకు ఈ లెక్కలో చోటెక్కడ? ఆంధ్రమహాభారతం ఇతిహాసమా, కావ్యమా? శాసనపరిశోధన, తులనాత్మక భాషాశాస్త్రం, లిపిశాస్త్రం ఎక్కడ నిలువవలెను? పశ్చిమ చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుని మానసోల్లాసం అయిదు వింశతులుగా నూరు అధ్యాయాల గ్రంథం. రాజనీతి, రత్నాలు, గజాలు, అశ్వాలు, వంటకాలు, సంగీతం, చిత్రకళ, వినోదాలు అందులో ఉన్నవి. దానిని నీతిశాస్త్రమనే బీరువాలో పెట్టి తలుపు మూసినచో, పన్నెండవ శతాబ్దపు భోజనవిశేషాలను వెదకే చరిత్రకారుడు ఆ తలుపు తట్టడు. భూగర్భజలాలను గురించి పరిశోధించే భూశాస్త్రజ్ఞుడు జ్యోతిషం బీరువా వద్దకు రాడు. పండితునికి తెలిసిన దారి పండితేతరునికి గోడ.

పూర్వం ఈ గోడకు గవాక్షమై నిలిచినది గురుముఖం. ఏ విషయం ఏ గ్రంథంలో ఏ ప్రకరణంలో ఉన్నదో అడిగినంతనే చెప్పగల విద్వాంసుడే జంగమసూచి. ఆ ధారణాశక్తి గలవారు ఉన్నంతకాలం వ్రాతసూచి లోటు తెలియలేదు. ఇప్పుడు అట్టివారు అరుదైనారు. శాస్త్రక్రమాన్ని మాత్రమే నమ్ముకొన్న గ్రంథాలయం, ఆ శాస్త్రజ్ఞుడు వెళ్ళిపోయిన మరునాడు మూగపోతుంది.

కంప్యూటరు వచ్చినందున ఈ విచారమంతా నిరర్థకమని కొందరు ఆధునికుల పూర్వపక్షం. ఏ మాట కావలెనన్న ఆ మాటను టైపు చేసినంతనే అది ఉన్న చోట్లన్నీ తెరపైకి వస్తున్నప్పుడు శీర్షికలెందుకు, క్రమమెందుకు అని వారి ప్రశ్న. యంత్రం మాటను పట్టుకొంటుంది, విషయాన్ని కాదు. రసం అని అడిగినచో శృంగారాదులు, మధురామ్లాదులు, పాదరసం గురించిన రసశాస్త్రం, ఫలరసం అన్నియు కలసి వస్తాయి. అదే సమయంలో రసవిచారమే ప్రధానమైన గ్రంథం, దాని పేరులో రసశబ్దం లేని కారణాన రాకపోవచ్చును. ధ్వన్యాలోకం పేరులో రసం లేదు. దశరూపకం పేరులోను లేదు. గ్రంథనామం, కర్తృనామం మాత్రమే నమోదైన సూచిలో ఎంతటి శక్తిగల యంత్రమైనను లేనిదానిని తీయలేదు. గ్రంథమంతయు యంత్రంలో చేర్చినను, సంధి చేత మాటలు కలసిపోయే భాషలో, ఒకే పదాన్ని దేవనాగరిలో, తెలుగులో, గ్రంథలిపిలో, రోమన్‌లో వేరువేరుగా వ్రాసే స్థితిలో, వెదకులాట నమ్మదగినది కావలెనన్న పండితుని వివేకం ముందుగా అందులో ప్రవేశించవలెను. సుంకం తప్పించుకొనుటకు రాత్రంతా అడ్డదారిన నడచిన వర్తకునికి తెల్లవారేసరికి సుంకపుపాకయే ఎదురైనదట. శీర్షికలు అక్కరలేదన్న వాదం ఈ ఘట్టకుటీప్రభాత న్యాయానికి ఉదాహరణం.

కనుక సిద్ధాంతం ఇది. గ్రంథం బీరువాలో శాస్త్రక్రమంలో ఉండవలెను. విషయం సూచిలో అకారాదిక్రమంలో ఉండవలెను. ఈ రెండింటికి వారధి శాస్త్రపరిభాష కావలెను. ఈ సమన్వయానికి మార్గం చూపినవాడు దక్షిణదేశీయుడే అగుట గమనార్హం. గణితోపాధ్యాయుడైన షియాలి రామామృత రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరి, గ్రంథాలయ పంచసూత్రాలను 1931లో, ద్విబిందు వర్గీకరణను 1933లో ప్రకటించినాడు. ఒక విషయాన్ని ముఖాలుగా విడదీసి, ఒక్కొక్క ముఖాన్ని గుర్తించి, తిరిగి కలుపుట ఆయన పద్ధతి. వర్గీకరణ చేసిన తరువాత ఆ వర్గసంఖ్యలోని ఒక్కొక్క మెట్టునుండి ఒక్కొక్క శీర్షికను గ్రహించి అకారాదిగా పేర్చే శృంఖలా విధానాన్ని కూడ ఆయనయే ప్రతిపాదించినాడు. అందులో వర్గక్రమం, అక్షరక్రమం పోటీదారులు కావు; ఒకటి మూలం, మరొకటి దాని అనుక్రమణి. అమరకోశంలోని రెండు క్రమాలు, సంహితా సర్వానుక్రమణుల సంబంధం అందులో మరల కనిపిస్తున్నవి.

దీనిని ప్రాచ్య కళాశాలల గ్రంథాలయాలలో ఆచరణకు తెచ్చుట అసాధ్యం కాదు. శీర్షికగా శాస్త్రంలో రూఢమైన పారిభాషిక పదాన్నే గ్రహించి, ఆ వెంట శాస్త్రనామాన్ని తప్పక వ్రాయవలెను. గుణము-వ్యాకరణము, గుణము-సాంఖ్యము, గుణము-అలంకారము అని వేరుచేసినంతనే సంకరదోషం తొలగుతుంది. వ్యాఖ్యాగ్రంథాన్ని దాని పేరుతో పాటు మూలగ్రంథం పేరు క్రింద, ఆ మూలానికి మూలమున్నచో దాని క్రింద కూడ చూపవలెను. ఉద్ద్యోతం కోసం వచ్చినవాడు ప్రదీపాన్ని, మహాభాష్యాన్ని చూడక వెళ్ళరాదు. లోకంలో వాడుకలో ఉన్న పేరునుండి శాస్త్రనామానికి చూడుము అనే నిర్దేశం ఇవ్వవలెను. భూగర్భజలం అన్నచోట దకార్గళం చూడుమని, జిగురుపదార్థాలు అన్నచోట వజ్రలేపం చూడుమని ఒక్క పంక్తి చాలును. బృహత్సంహిత, మానసోల్లాసం, అగ్నిపురాణం, అర్థశాస్త్రం వంటి బహువిషయ గ్రంథాలకు గ్రంథనామంతో తృప్తిపడక అధ్యాయవిషయాలకు ప్రత్యేకంగా శీర్షికలు వ్రాయవలెను. గడపపై దీపం రెండు గదులకూ వెలుగునిచ్చినట్లు ఒక్క గ్రంథం రెండు శాస్త్రాలకు ఉపకరించునప్పుడు, దేహళీదీప న్యాయంతో రెండుచోట్లా దానిని చూపుటకు వెనుదీయరాదు. పూర్ణబిందువు, క్షకారం, శకటరేఫ మొదలైన వాని స్థానాలను ముందుగా నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని సూచి మొదటి పుటలోనే ప్రకటించవలెను.

ఈ పని ఎవరిది అనే ప్రశ్న మిగులుతున్నది. సూచీశాస్త్రం చదివిన గ్రంథాలయాధికారికి సంస్కృతపరిచయం స్వల్పం కావచ్చును. శాస్త్రపాండిత్యం గల అధ్యాపకునికి సూచీనియమాలు తెలియకపోవచ్చును. ఒకరు లేక మరొకరు చేసిన సూచి పంగ్వంధ న్యాయానికి ముందటి స్థితి; కుంటివాడు గ్రుడ్డివాని భుజమెక్కినప్పుడే ఇద్దరికీ గమనం. శీర్షికను నిర్ణయించే బాధ్యత అధ్యాపకునిది, దానిని నియమబద్ధంగా నిలిపే బాధ్యత గ్రంథాలయాధికారిది అని పని పంచుకొనవలెను. విద్యాప్రవీణ, భాషాప్రవీణ విద్యార్థుల చేత పరీక్షల కొరకు వ్యాసాలు వ్రాయించుటకు మారుగా, ఒక్కొక్కరి చేత ఒక్కొక్క గ్రంథానికి ప్రకరణసూచి చేయించినచో ఆ విద్యార్థికి గ్రంథం పట్టుబడుతుంది. గ్రంథాలయానికి శాశ్వతోపకారం జరుగుతుంది.

సర్వసూచి ఒకటి కావలెనని ఎదురుచూస్తూ కూర్చుండుట కూడ తగదు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులు ఆంధ్రవిజ్ఞానసర్వస్వాన్ని అకారాదిగా ఆరంభించినాడు. 1923లో ఆయన కీర్తిశేషుడగునాటికి ఆ మహాప్రయత్నం తొలి అక్షరాలను దాటలేదు. తరువాతి కాలంలో తెలుగు భాషాసమితి విజ్ఞానసర్వస్వాన్ని విషయానుసారంగా సంపుటాలుగా విడదీసినది. ఏ సంపుటానికి ఆ సంపుటమే స్వతంత్రంగా ఉపయోగపడినది. సంస్కృత గ్రంథాల విషయంలో ఆఫ్రెక్ట్ పండితుడు 1891, 1896, 1903 సంవత్సరాలలో మూడు భాగాలుగా ప్రకటించిన సూచీల సూచికి కొనసాగింపుగా మద్రాసు విశ్వవిద్యాలయం 1935లో చేపట్టిన నూతన బృహత్సూచి ప్రథమ సంపుటం 1949లో వెలువడినది. అది పలు తరాల పండితుల శ్రమ. కళాశాల గ్రంథాలయం అంతటి భారం మోయనక్కరలేదు. ఒక బీరువాతో ఆరంభించి, ఆ బీరువాకు శాస్త్రక్రమం, అకారాది రెండును పూర్తిచేసి, తరువాతి బీరువాకు పోవుట సుకరమైన మార్గం.

ఈ విషయంలో కాలహరణం తగదనుటకు ప్రబలమైన హేతువు తాళపత్రాల స్థితి. ముద్రితగ్రంథానికి ముఖపత్రం ఉన్నది, విషయానుక్రమణిక ఉన్నది; సూచి నేడు వ్రాయకున్నను రేపు వ్రాయవచ్చును. ఆద్యంతాలు శిథిలమై, పేరు లేక, కర్త తెలియక, కట్టకు ఒక సంఖ్య మాత్రమే మిగిలిన తాళపత్రానికి ఆ వీలు లేదు. నడిమి పత్రం ఒకటి చదివి, ఇది ఫలాన శాస్త్రంలో ఫలాన ప్రకరణమని చెప్పగల విద్వాంసుడు ఉన్నప్పుడే దానికి శీర్షిక ఏర్పడుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం పేరు శతాబ్దాలుగా ఇతర గ్రంథాలలో వినబడుతూ వచ్చినది. గ్రంథం మాత్రం కంటికి కనబడలేదు. మైసూరు ప్రాచ్యగ్రంథాలయానికి చేరిన ప్రతిని రుద్రపట్టణం శామశాస్త్రి 1905లో గుర్తించి 1909లో ముద్రించినాడు. ప్రతి చేరుట ఒక భాగ్యం. అది ఏమిటో గుర్తించగల శాస్త్రజ్ఞుడు ఆ గ్రంథాలయంలోనే ఉండుట రెండవ భాగ్యం. రెండవది లేకున్నచో మొదటిది నిష్ఫలం.

2003లో జాతీయ పాండులిపి ఉద్యమం ఆరంభమైన తరువాత లిఖితప్రతుల వివరాలను దేశమంతటా సేకరించే పని వేగం పుంజుకొన్నది. 2025లో ప్రకటితమైన జ్ఞానభారతం ప్రణాళిక కోటికి పైగా లిఖితప్రతులను లక్ష్యంగా పెట్టుకొన్నది. ప్రతి ప్రతికి నింపే పత్రంలో విషయం అనే గడి ఒకటి ఉంటుంది. ఆ గడిలో ఏమి వ్రాయబడునో దానిని బట్టియే ఆ గ్రంథం రాబోయే నూరేండ్లలో ఎవరి చేతికి చేరునో నిర్ణయమవుతుంది. వ్యాకరణం, వేదాంతం, ఇతరములు అని మూడు మాటలతో ఆ గడులు నిండినచో, ఛాయాచిత్రాలు ఎంత స్పష్టంగా ఉన్నను, అవి చీకటిగదిలో భద్రపరచిన నగలే. ముఖ్యంగా ఇతరములు అనే మాట భయంకరం. దాని క్రింద చేరిన గ్రంథాన్ని ఎవరు ఏ పేరుతో అడుగుదురు?

కనుక ప్రతి ప్రాచ్య కళాశాలలోని అధ్యాపకవర్గం తమ గ్రంథాలయంలో ఇతరములు అనే పేరు క్రింద గాని, సంఖ్య మాత్రమే ఉండి గాని పడియున్న ప్రతులను ముందుగా బయటికి తీయవలెను. వానిని చదివి గుర్తించగల వృద్ధవిద్వాంసులను, వారు ఉద్యోగవిరమణ చేసినవారైనను, సగౌరవంగా ఆహ్వానించి, వారి ముఖతః ప్రతి కట్టకు శాస్త్రం, ప్రకరణం, పారిభాషిక శీర్షిక వ్రాయించుకొనవలెను. అకారాదిగా పేర్చుట, యంత్రంలో చేర్చుట తరువాత ఎవరైనను చేయగలరు. అకారాదికి ఎక్కవలసిన ఆ మొదటి పేరును చెప్పగలవారు మాత్రం ఎల్లకాలం ఉండరు.